బాయిలరుకి జలుబు చేస్తుంది

తీహోమిర్ మాస్టారికి ఉన్నది ఒకటే పిచ్చి: వేడినీ చలినీ ఒక్కసారిగా ఎదురుపడనివ్వరు. మంచులోంచి ఇంటికొస్తే తిన్నగా గదిలోకి పోరు. కోటు విప్పకుండా నడవలో గోడకానుకుని నిలబడతారు. ఏం చేస్తున్నారండీ అంటే "అలవాటు పడుతున్నాను" అంటారు. సూపు చల్లారి, బీరు చలి విడిచి, రెండూ ఒక దారికొచ్చాకే ఆయన భోజనం. ఓసారి ఎవరింట్లోనో విందులో, పొయ్యిలోంచి తీసిన గాజు పళ్ళేన్ని ఇల్లాలు తడి బండమీద పెట్టబోతే, అడ్డంపడి వట్టి చేతుల్తో పట్టుకున్నారు. చేతులు బొబ్బలెక్కాయి గానీ పళ్ళెం దక్కిందని వారం రోజులు మురిసిపోయారు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వల్యేవో ఊళ్ళో కారు నడపడం నేర్పారు. ఇంజను వెచ్చబడందే బండి కదలనిచ్చేవారు కాదు. ఆయన దగ్గర నేర్చుకున్న ఆడవాళ్ళు కార్లో కూచునే స్వెటర్లు అల్లేశారని చెప్పుకుంటారు.

అలాంటి మనిషి చేతిలో, గదులన్నిటికీ వేడి పంపే అపార్టుమెంటు బాయిలరు పెట్టారు. కొన్నేళ్ళ కిందట పాతది భగభగ మండుతుండగా ఎవరో మహానుభావుడు దాంట్లోకి చన్నీళ్ళు వదిలాడు. పోత ఇనుము నిలువునా చీలి, ఆ చలికాలమంతా జనం దుప్పట్లలో బతికారు. కొత్తది వచ్చాక, ఎవరు చూసుకుంటారని మీటింగులో అడిగితే అందరూ పైకప్పు కేసి చూశారు. మాస్టారొక్కరే చెయ్యెత్తారు.

మూడో అంతస్తు స్తోయాంకకి ఒళ్ళు మండేది ఇక్కడే. చెయ్యెత్తారు సరే, వేడేదీ? ఊరంతా ఇళ్ళల్లో వట్టి చొక్కాలతో తిరుగుతుంటే ఈ ఒక్క బిల్డింగే కోట్లేసుకుని కాఫీ తాగాలా? ఇదెక్కడి న్యాయం? పైగా ఇవాళ కూతురు నేద పురిటి బిడ్డతో ఆస్పత్రి నుంచి వస్తోంది. ఈ ఏటి చలికి ఇవాళే మొదటిసారి బాయిలరు ముట్టించడం. మధ్యాహ్నానికి గది వెచ్చబడకపోతే పసివాడి గతేమిటి? ఆవిడ విసవిసా సెల్లారులోకి దిగింది.

"మాస్టారూ, మంటకి ముహూర్తం చూస్తున్నారా?"

"వేశానమ్మా. చిన్నమంట."

"పెద్దది చెయ్యండి. నా మనవడొస్తున్నాడు."

"ఓ పక్క కాగిపోయి ఓ పక్క చల్లగా ఉంటే ఇనుము ఓర్చుకోలేదు. ముందు నీళ్ళు ఇక్కడిక్కడే తిరిగి వెచ్చబడాలి. ఆ తర్వాత ఒక్కో గొట్టం తెరుస్తాను."

"అన్నీ ఒకేసారి తెరిస్తే మీ సొమ్మేం పోతుంది?"

"వేసవంతా గొట్టాల్లో నిలవున్న చన్నీళ్ళన్నీ కట్టకట్టుకుని దీని వేడి కడుపులోకి దూకుతాయి. బస్సులో కిటికీ రెండు వేళ్ళ మేర తీస్తేనే మెడకి శాలువా చుట్టుకునేదానివి. తలంటిన పసివాణ్ణి గాలిలో పెడతావా?"

"పసివాడూ బాయిలరూ ఒకటా?"

"దీనికీ జలుబు చేస్తుంది. కాకపోతే తుమ్మదు, పగులుతుంది."

స్తోయాంకకి ఇంకా మండింది. పైకెళ్ళి, క్యాబేజీ చుట్టల సర్మా ఉడుకుతున్న గిన్నెమీద మూత ఠపీమని పెట్టింది. గది వెచ్చబెట్టే రేడియేటరు కాస్త గోరువెచ్చగా తగిలింది గానీ, ఒప్పుకునే స్థితిలో లేదావిడ. ఇంతలో అల్లుడు ఫోను చేశాడు, బయల్దేరామని. ఇంకేముంది, మళ్ళీ సెల్లారు.

మాస్టారు బాయిలరు వెనక వంగి మంట చూసుకుంటున్నారు. స్తోయాంక చప్పుడు కాకుండా గొట్టాలు తడిమింది. ఒకటి కాలుతోంది. తక్కినవి వెచ్చవెచ్చగా ఉన్నాయి. మూలనున్నది మాత్రం చచ్చిన చేపలా చల్లగా ఉంది. అదే మాది, పగబట్టాడు ముసలాడు, అనుకుని దాని వాల్వు మీద చెయ్యేసింది.

"అది తిప్పకు తల్లీ," అన్నారు మాస్టారు లేచి. "బాయిలరు కాగి ఉంది. ఇప్పుడు తిప్పితే మళ్ళీ ఆ పాత బాయిలరు కథే."

"పసిగుడ్డుని చలిలో పడుకోబెట్టమంటారా? మీరు మనిషేనా?"

"మీది అదిగో, కాలుతున్నది. అందరికన్నా ముందు తెరిచాను. ఈపాటికి గది వెచ్చబడే ఉంటుంది. ఇది నాది."

స్తోయాంక చెయ్యి తీసేసింది. "మీదెందుకు మూసుంది?"

"ఎవరో ఒకరు ఆఖర్న ఉండాలిగా. ఏటా ఎవరికి అవసరమో చూసి వాళ్ళది ముందు తెరుస్తాను. నాది సాయంత్రానికి. నాదైతే పోట్లాడ్డానికి ఎవరూ దిగిరారు."

ఆవిడకి అప్పుడొచ్చింది అసలు కోపం.

"మీకు బుద్ధుందా? ఏటా మీరు చలిలో కూచుని, పైగా నా చేత తిట్లు కూడా తింటున్నారా? ఒక్క మాట చెబితే నోరు పడిపోయేదా? అన్యాయంగా నన్ను పాపాత్మురాల్ని చేశారు కదండీ."

"నువ్వు తిడుతుంటే వెచ్చగా ఉండేదమ్మా," అన్నారాయన.

స్తోయాంక నవ్వు ఆపుకుని ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని పైకి లాక్కుపోయింది. నేద వచ్చేసరికి గది హాయిగా ఉంది. పిల్లాణ్ణి ఎత్తుకోమంటే మాస్టారు ససేమిరా అన్నారు. రేడియేటరుకి అరచేతులు ఆనించి, తీసి చెంపకి తాకించి చూసుకుని, మళ్ళీ ఆనించారు. ఆయన చేతులు వాడికి తగినంత వెచ్చబడేలోపు అల్లుడు రెండు కాఫీలు తాగేశాడు. చివరికి మాస్టారు వాణ్ణి గుండెకి హత్తుకున్నారు.

అంతలో ఐదో అంతస్తు ద్రగిషా మెట్ల మీంచి అరిచాడు: "మాస్టారేరీ? మా గదిలో ఇంకా వేడే లేదు. ఇదేం నిర్వాకం?"

స్తోయాంక తలుపు తీసి తల బయట పెట్టింది.

"వస్తుంది. అందాకా నోరు మూసుకుని స్వెటరు తొడుక్కో. మాస్టారు మా వాణ్ణెత్తుకున్నారు."