మా ఇంట్లోని ఒకే ఒక్క ఓటు

మా అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండిన ఏడాదే అధ్యక్ష ఎన్నికలు వచ్చాయి. అప్పటిదాకా అమెరికాలో, అల్ఫారెట్టాలోని మా ఇంట్లో ఓటనేదే లేదు. నేనూ మా ఆయనా గ్రీన్‌కార్డ్ లైన్లో నిలబడి నిలబడి జుట్టు నెరిసిపోయినవాళ్లం. పిల్ల ఇక్కడే పుట్టింది కాబట్టి దానికా బాధ లేదు. శుక్రవారం సాయంత్రాలు తలా ఒక వంటకం తెచ్చుకుని పాట్‌లక్‌కి కలిసే మా స్నేహితులందరిదీ మా పరిస్థితే, వాళ్ల పిల్లలింకా చిన్నవాళ్లు. అంటే మా బృందం మొత్తానికి మా అమ్మాయిదొక్కటే ఓటు. పైగా జార్జియాలో గెలుపోటములు వెంట్రుకవాసిలో తేలతాయని టీవీవాళ్లు రోజూ ఊదరగొడుతున్నారు. ఇంకేముంది, మా పిల్లకి ఎక్కడలేని గిరాకీ వచ్చిపడింది.

అంతకు ముందు "చదువెలా ఉందమ్మా?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయే అంకుల్స్ ఇప్పుడు ప్లేట్లు పట్టుకుని దాని పక్కన కుర్చీ లాక్కుని మరీ కూర్చునేవారు. ఒకాయన ట్యాక్సుల గురించి చెప్పి చెప్పి పెరుగన్నం తినడం మర్చిపోయాడు. ఒకావిడైతే దానికోసమే గుత్తివంకాయ చేసుకొచ్చింది.

"తిను బంగారం. మొహమాటపడకు. ఓటు మాత్రం ఆ కళ్లజోడాయనకే వెయ్యి."

మా పిల్ల వంకాయలన్నీ శుభ్రంగా తినేసి, "థాంక్స్ ఆంటీ. స్టిల్ అన్‌డిసైడెడ్" అంది. తర్వాతి వారం ఆవిడ మళ్లీ చేసుకొచ్చింది. నాకు భలే ముచ్చటగా ఉండేది.

కళ్లజోడాయన అంటే ఇద్దరు అభ్యర్థుల్లో ఒకాయన. ప్రతి మాటకీ ముందు కళ్లజోడు సవరించుకుంటాడని ఆ పేరు పెట్టాం. రెండో ఆయన ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉంటాడు కాబట్టి నవ్వులాయన. ఈ నవ్వులాయన ఒక సభలో, ఏళ్ల తరబడి గ్రీన్‌కార్డ్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ల లైన్ కదిలిస్తానని ఒక్క వాక్యం అన్నాడు. ఆ ఒక్క వాక్యంతో నేను ఆయన మనిషినైపోయాను. కళ్లజోడాయన మూతపడ్డ పల్లెటూరి ఆసుపత్రుల గురించీ మందుల ధరల గురించీ నింపాదిగా, నిద్ర వచ్చేలా చెబుతుండేవాడు. మా ఆయనకి అదే నచ్చింది. నాకు మాత్రం ఆయన మాట్లాడుతుంటే తప్పులు వెతకబుద్ధేసేది. సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని, తప్పులు వెతకడమే నా ఉద్యోగం. ఆ పని ఇంట్లో కూడా జీతం లేకుండా చేస్తానని మా ఆయన దెప్పుతాడు.

నాకు ఆ ఓటు కావాలి. దాచుకోవడం ఎందుకు, చాలా కావాలి. ఈ దేశంలో ఇన్నేళ్లు పనిచేసి, పన్నులు కట్టి, ఒక్కసారైనా నా మాట లెక్కలోకి రాలేదన్న ఉక్రోషం నాలో ఉండేది. అందుకే టిఫిన్ పెడుతూ, కార్ ఎక్కుతూ, బట్టలు మడతపెడుతూ నవ్వులాయన గొప్పతనం దాని చెవిలో ఊదుతూనే ఉన్నాను. ఇంకోపక్క నుంచి మా ఆయన.

ఒక ఆదివారం భోజనాలయ్యాక అది మా ఇద్దరినీ సోఫాలో కూర్చోబెట్టింది.

"ఇనఫ్! మీరిద్దరూ డిబేట్ చెయ్యండి. ప్రాపర్‌గా. నేను జడ్జ్."

మా అమ్మాయి హైస్కూల్ నాలుగేళ్లూ డిబేట్ టీమ్‌లో ఉంది. ఇక్కడ పిల్లల్ని డిబేట్ పోటీలకు పంపితే సరిపోదు, తల్లిదండ్రులు కూడా వెళ్లి జడ్జిలుగా కూర్చోవాలి. మిగతా తల్లిదండ్రులంతా ఏదో వంకతో తప్పించుకుంటే నేను మాత్రం శనివారాలన్నీ ఏదో ఒక స్కూల్ క్లాస్‌రూమ్‌లో, నా కాళ్లు పట్టని చిన్న బల్ల వెనక కూర్చుని ఎవరెవరి పిల్లల వాదనలనో వింటూ గడిపాను. ఆ పోటీల్లో ఎవరు ఏ పక్షమో నాణెం ఎగరేసి తేలుస్తారు. నమ్మినదాన్నే వాదిస్తానంటే కుదరదు.

మా అమ్మాయి క్వార్టర్ నాణెం ఎగరేసింది. నాకు కళ్లజోడాయన వచ్చాడు.

"ఛీ, నా వల్ల కాదు" అన్నాను.

"అమ్మా, నువ్వు ఎంతోమంది కిడ్స్‌కి చెప్పావ్ కదా, సైడ్ నచ్చకపోయినా బెస్ట్ ఇవ్వాలని? ఫోర్ మినిట్స్. స్టార్ట్."

ముందు మా ఆయన లేచాడు. పాపం, నవ్వులాయన తరఫున మాట్లాడాలి కాబట్టి నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు ఆగలేదు. గ్రీన్‌కార్డ్ లైన్ గురించి రెండు ముక్కలు చెప్పి, "మిగతాది మా ఆవిడని అడగండి" అని కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నేనైతే అదే మాటని ఏ స్థాయిలో చెప్పేదాన్ని!

ఆ మంటతోనే లేచాను. మొదట్లో తడబడ్డాను. తర్వాత ఎందుకో, దక్షిణ జార్జియాలో డిబేట్ పోటీకి వెళ్తుంటే దారిలో మా పిల్లకి ఉబ్బసం వచ్చిన సంగతి నోట్లోకి వచ్చింది. ఇన్‌హేలర్ ఇంట్లో మర్చిపోయాం. ఊపిరి అందక దాని పెదాలు నీలంగా మారుతున్నాయి. రోడ్డు పక్క పేరు కూడా తెలియని చిన్న ఊరు, అందులో ఓ చిన్న ఆసుపత్రి. ఒక నర్సు బయటకు పరుగెత్తుకొచ్చి పిల్లని కార్లోంచి ఎత్తుకుపోయింది. మొన్న వేసవిలో బీచ్‌కి వెళ్తూ చూస్తే ఆ తలుపులకి తాళం ఉంది.

"మనకి తెరిచి ఉంది కాబట్టి ఇవాళ నువ్వు జడ్జిగా కూర్చున్నావు. రేపు ఆ రోడ్డు మీద ఇంకెవరి పిల్లకైనా ఊపిరి ఆడకపోతే వాళ్లెక్కడికి వెళ్లాలి? ఆయన మాటలకి నిద్రొస్తే రానియ్యి. ఆ తాళం తీస్తానని చెబుతున్నది ఆయనొక్కడే."

మా ఆయన చప్పట్లు కొట్టాడు. నేను మాట్లాడింది తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో నాకే గుర్తులేదు. చాలా హాయిగా మాత్రం అనిపించింది. ఇన్నేళ్లు వాదనలు వినడమే కానీ, నేనూ వాదించగలనని అప్పుడే తెలిసింది. మా అమ్మాయి టైమర్ ఆపేసి, తీర్పు చెప్పకుండా పైకి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి నేను మళ్లీ నవ్వులాయన పాటే అందుకున్నాను.

ముందస్తు ఓటింగ్ మొదలైన వారంలో ఓటు వెయ్యడానికి దాన్ని నేనే లైబ్రరీకి తీసుకెళ్లాను. ఓటు లేనిదాన్ని కాబట్టి బయట బెంచీ మీద కూర్చున్నాను. అది చొక్కాకి 'ఓటేశాను' అన్న స్టిక్కర్ అంటించుకుని, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ వచ్చింది. ఎవరికి వేశావని అడగకూడదని ఒట్టు పెట్టుకున్నాను. దోసెల హోటల్ దాకా నోరు కట్టుకున్నాను. సెల్ఫ్ సర్వీస్ కౌంటర్ నుంచి దోసెలూ ఫిల్టర్ కాఫీ తెచ్చుకుని కూర్చోగానే అదే చెప్పింది.

"అమ్మా, నీకు కోపం వస్తుంది. నేను కళ్లజోడు అంకుల్‌కి వేశాను."

నిజంగానే కోపం వచ్చింది. "మరి మా సంగతో?" అన్నాను, కాస్త గట్టిగానే. పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూశారు.

"మీ గ్రీన్‌కార్డ్ ఆలోచించకుండా ఉంటానా? దాని గురించే మోస్ట్ ఆలోచించాను. నాకు ట్వంటీ వన్ రాగానే సిటిజన్‌గా మీ ఇద్దరి గ్రీన్‌కార్డ్‌కీ నేనే ఫైల్ చేస్తా కదా. ఆ హాస్పిటల్‌కి నేను ఫైల్ చెయ్యలేను." అది నా దోసె అంచు తుంచుకుని నోట్లో పెట్టుకుంది. "నాన్న రోజూ కళ్లజోడు అంకుల్ గురించి చెప్పినప్పుడు కూడా నేను ష్యూర్‌గా లేను. నువ్వు ఆ డిబేట్‌లో చెప్పాకే డిసైడ్ అయ్యాను."

కళ్లు చెమర్చాయి, నవ్వూ వచ్చింది, రెండూ ఒకేసారి. ఇంతకాలానికి ఈ దేశంలో నా మాట మీద ఒక ఓటు పడింది. అదీ ఓడిపోవాలని నేను కోరుకున్నవాడికి! వెంటనే మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయన మీటింగ్‌లో ఉన్నానన్నా వినకుండా, మన పిల్ల ఓటు ఎవరు మార్చారో తెలుసా అని గర్వంగా చెప్పాను.