కండువా కింది చెయ్యి

మిర్యాలగూడలో మా అత్తమ్మను చూసుకున్న నర్సమ్మ కోదాడలో పోయిందని, అక్కడి నుంచి వచ్చిన మా మరిది కబురు తెచ్చాడు. నేను పొయ్యి మీది ఎసరు దించాను. ఆ మాట మా అత్తమ్మకు చెప్పాలి. అత్తమ్మకు చెవులు బొత్తిగా వినపడవు. ఆమెను వాకిట్లోకి పిలిచి, నా ముఖం మీద వెలుతురు పడేలా ఎదురుగా నిలబడి, అరవకుండా, పెదవుల కదలిక పోల్చుకునేలా నిదానంగా చెప్పాను. వినపడనివాళ్ళతో అలా మాట్లాడాలని మా ఇంటిల్లిపాదికీ నేర్పింది ఆ నర్సమ్మే.

అత్తమ్మ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. "కోదాడ బస్సు ఎప్పుడున్నది?" అని మాత్రం అడిగింది.

మాది సూర్యాపేటలో ధాన్యం కొట్టు. అత్తమ్మ కళ్ళద్దాల వెనక ఒక్క కన్నే పనిచేస్తుంది. చాలా ఏళ్ళ కిందట చూపుకు తెర కమ్ముతోందంటే, ఆకు పసరు పోస్తే పోతుందని మోతెలో ఎవరో చెప్పారు. పోయించాం. తెర పోలేదు, ఎడమ కన్నే పోయింది. కుడి కంట్లో కూడా శుక్లం ముదిరాక, బియ్యంలో రాళ్ళు ఏరే చాటను ఆమె చేతిలోంచి నేను తీసుకోవాల్సి వచ్చింది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

ఎండాకాలం సెలవుల్లో మిర్యాలగూడ బడిలో కంటి ఆపరేషన్లు చేస్తున్నారంటే తీసుకెళ్ళాం. తరగతి గదుల్లోనే మంచాలు వేశారు. ఆపరేషన్ డాక్టరుది, ఆ తర్వాత పేషెంట్లను కాచుకునే పని నర్సమ్మది. మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో రెండు కళ్ళకూ కట్టు కట్టి, తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి, రోజుల తరబడి వెల్లకిలా పడుకోబెట్టేవారు. దగ్గకూడదు, తుమ్మకూడదు, గట్టివి నమలకూడదు. ఉలిక్కిపడి లేచారంటే కన్ను దక్కదు.

అందుకే నర్సమ్మ గుమ్మంలోంచే "నర్సమ్మని వస్తున్నా, జావ తెస్తున్నా" అని మాట్లాడుతూ మంచం దగ్గరికి వచ్చేది. "చూపు లేనోళ్ళని చెప్పకుండా ముట్టుకోకూడదమ్మా, గుండె జారిపోద్ది" అనేది.

మరి అత్తమ్మకు చెప్పినా వినపడదే! కట్టు కడితే ఉన్న కాస్త చూపూ మూసుకుపోతుంది. మామయ్యకు భయం పట్టుకుంది. "వద్దు తీయమ్మా, ఇంటికి పోతం. గీ మాత్రమన్న మిగులుతది" అన్నారు.

నర్సమ్మ చేతిలో ఎవరిదో చెవి మందు సీసా ఉంది. చల్లటి మందు చెవిలో పడితే తల తిరుగుతుందని, వేసే ముందు సీసాను గుప్పిట్లో పట్టుకుని వెచ్చబెట్టేది. సీసా గుప్పిట్లో ఉండగానే మామయ్య భుజం మీది కండువా వైపు చూసింది.

"షావుకారు గారూ, మీరు బేరం ఎట్లా చేస్తారు? నలుగుర్లో ధర పైకి చెప్పేస్తారా?"

"పైకెట్ల చెప్తం? కండువా కింద చెయ్యి వట్టి, ఏళ్ళు ఒత్తి చెప్తం."

"పెద్దమ్మ గారికి తెలుసా అది?"

"కొట్టుల కూసొని సూసింది గద. నాకంటె మంచిగ తెలుసు."

"ఇంకేం మరి!" అంది నర్సమ్మ.

కట్టు కట్టకముందే నర్సమ్మా అత్తమ్మా ఎదురెదురుగా కూర్చుని భాష కుదుర్చుకున్నారు. చూపుడువేలు ఒత్తితే నీళ్ళు, రెండు వేళ్ళు కలిపి పడితే జావ, బొటనవేలు పడితే కంట్లో మందు. అరచెయ్యంతా గట్టిగా పట్టుకుంటే, కదలకు, నేనున్నా అని. అత్తమ్మ ఆ ధరకు కుదరదన్నట్టు నర్సమ్మ వేలును వెనక్కి తోసి నవ్వింది. చాలా రోజుల తర్వాత చూశాను ఆ నవ్వు.

చిక్కంతా మామయ్యతోనే వచ్చింది. నర్సమ్మ వేరే మంచాల దగ్గరున్నప్పుడు ఆ చెయ్యి ఆయనే పట్టుకోవాలి. పెళ్ళైన నాటి నుంచి నలుగురిలో భార్య చెయ్యి పట్టుకుని ఎరగరు. "మంది నవ్వరా?" అన్నారు. "కండువా అడ్డం ఉందిగా, ఎవరికి కనపడుద్ది?" అంది నర్సమ్మ. అటూ ఇటూ తిరుగుతూ "బేరం తెగిందా షావుకారు గారూ?" అని ఆటపట్టించేది. మామయ్య తల వంచుకునేవారు గానీ చెయ్యి మాత్రం తీసేవారు కాదు.

ఒకనాడు మామయ్య చాయ్‌కి వెళ్ళినప్పుడు నిడమనూరు నుంచి అత్తమ్మ చెల్లెలు వచ్చింది. మా వైపు ఆడవాళ్ళు చాన్నాళ్ళకు కలిస్తే మెడలు పట్టుకుని ఏడుస్తారు. ఆమె కూడా వస్తూనే శోకం అందుకుని అక్క మెడ మీద పడిపోయింది. ఎవరో ఏమిటో తెలియక అత్తమ్మ కేక పెట్టి లేవబోయింది. ఇసుక సంచి జారి కింద పడింది. 

నర్సమ్మ ఎవరినీ కసరలేదు. జావ గిన్నె అక్కడే వదిలేసి వచ్చి, అత్తమ్మ అరచెయ్యంతా పట్టుకుని ఒత్తింది. సగం లేచిన తల ఆగింది. నర్సమ్మ చెయ్యి వదల్లేదు. తల మెల్లగా దిండు మీదికి దిగింది. అప్పుడు చెల్లెలి చేతిని తెచ్చి అత్తమ్మ చేతిలో పెట్టింది. గాజులు తడిమి చూసి, "నువ్వానే? గిట్లనా వచ్చేది!" అంది అత్తమ్మ.

కన్ను దక్కిందో లేదో కట్టు విప్పేదాకా తెలియదు. విప్పిన రోజు నర్సమ్మ దగ్గరగా వంగి చూస్తుంటే, అత్తమ్మ ఆమె నుదుటిని తేరిపార చూసి, "బొట్టు మరిచినవా బిడ్డా?" అంది. నర్సమ్మ క్రైస్తవురాలు. "కనపడిందిగా పెద్దమ్మా, అది చాలు" అని గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

చాట మళ్ళీ అత్తమ్మ చేతికి వెళ్ళింది. నాకు ఒక పని తప్పింది గానీ, అన్నాళ్ళూ నేను ఏరిన బియ్యం గురించి సాధింపు మొదలైంది. ఆ సాధింపు కూడా నర్సమ్మ చలవే. ఆమె రుణం తీర్చుకునే దారి మాకు దొరకలేదు.

కోదాడ చేరేసరికి ప్రార్థన జరుగుతోంది. అత్తమ్మ కూడా నర్సమ్మ మెడ పట్టుకుని ఏడుస్తుందనుకున్నాను. అత్తమ్మ శవపెట్టె పక్కన కూర్చుని, మామయ్య పోయినప్పటి నుంచి దాచుకున్న కండువాను సంచిలోంచి తీసింది. "బిడ్డా, నేను వచ్చిన" అని, దాన్ని నర్సమ్మ చేతి మీద కప్పి, కింద తన చెయ్యి పోనిచ్చింది.

ప్రార్థన అయిపోయింది. మూత తెచ్చినవాళ్ళు ఆమెను చూసి ఆగిపోయారు. నేను కండువా వైపే చూస్తున్నాను. అత్తమ్మ వేళ్ళేవీ ఒత్తలేదు, అరచెయ్యంతా పట్టుకుని ఉంది.