ముందు నడిచిన ఆవు

ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. అరబ్బులు వేసుకునే తెల్లటి కందూరా, తలకు చుట్టిన గుడ్డ, ఎర్ర గుర్రం, వెనకాల దుమ్ములో వరసగా పశువులు. మా ఊళ్ళో చూసినవాళ్ళంతా "దుబాయ్ల రాజులెక్క ఉన్నవ్ గదనే" అని ఎగతాళి చేశారు. ముఖం కప్పించారు కాబట్టి ఆ గుర్రం మీద ఉన్నది నేనని చెబితే తప్ప తెలియదు. నేను చూసుకునేది నన్ను కాదు. గుర్రం తోకకు దగ్గరగా, ఎడమ కొమ్ము కిందికి వంగిన ఒక ముసలి ఆవు ఉంటుంది. దాన్ని చూసి ఫోన్ పక్కన పడేస్తాను.

దుబాయ్‌కి అవతల ఫుజైరాలో కొండల వారన ఒక మజ్రాలో, అంటే ఖర్జూరపు చెట్లూ పశువుల దొడ్డీ ఉన్న తోటలో, కొన్నేళ్ళు పనిచేశాను. కరోనాలో దుబాయ్ జెబెల్ అలీ రేవులో గోదాము పని పోయాక, ఏదో ఒకటి దొరికితే చాలనుకుని వచ్చిన చోటు అది. పేడ ఎత్తడం, మేత వెయ్యడం, కఫీల్‌వి, అంటే మా అరబ్బు యజమానివి, రెండు గుర్రాలను తోమి తిప్పుకు రావడం నా పని. గుర్రం ఎక్కడం అలా వచ్చింది గానీ షోకుతో కాదు. నాతోపాటు మా జిల్లావాడే, నాకంటే పెద్దవాడు ఒకాయన ఉండేవాడు. అన్నా అని పిలిచేవాణ్ణి.

మా ఇంట్లో అమ్మ అన్నం వండితే మొదటి ముద్ద ఆవుకు పోయేది. ఆ తర్వాతే మాకు. దేశం మారినా నా చెయ్యి మారలేదు. కంచం ముందు కూర్చోగానే ఒక ముద్ద తీసి, లేచి వెళ్ళి, ఆ కొమ్ము వంగిన ఆవు నోటికి అందించి వచ్చేవాణ్ణి. "దానికి బిర్యానీ గూడ అలవాటు జేస్తవా ఏందిరా?" అని అన్న నవ్వేవాడు. ఆవు తక్కువదేం కాదు. నేనెటు పోతే అటు వచ్చేది. మిగతావి దాని వెనక వచ్చేవి. క్వారీ లారీల దుమ్ము తప్ప మరేమీ కదలని ఆ చోట, నా మనిషి అనుకోవడానికి నాకు అదొక్కటే ఉండేది. ఇలాంటి మాట ఇంటికి ఫోన్ చేసి చెప్పుకోలేం కదా.

ఒక చలికాలం ముదీర్, అంటే మజ్రా వ్యవహారాలు చూసే మేనేజరు, వచ్చి కఫీల్ పశువులన్నింటినీ అమ్మేస్తున్నాడని చెప్పాడు. కఫీల్ ముసలివాడైపోయాడు, కొడుకులకు ఈ గోల అక్కర్లేదు. కొన్నవాడు కోతకే కొన్నాడని ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు. అదే సమయంలో అక్కడి ఊళ్ళో పాతకాలపు పండుగ ఒకటి పెట్టారు. పూర్వం జనం ఎండలకు పశువులతో సహా కొండల్లోని తోటలకు పోయి, చల్లబడ్డాక సముద్రం ఒడ్డుకు దిగేవారట. ఆ దిగడాన్ని మళ్ళీ ఆడి చూపిస్తారు. వాళ్ళు అప్పట్లో గాడిదల మీద వచ్చారో, కాళ్ళీడ్చుకుంటూ వచ్చారో గానీ, పండుగ చేసేవాళ్ళకు మాత్రం గుర్రాలే నచ్చాయి. పశువులు మా దొడ్డివి, ముందు గుర్రం నాది. మైదానంలో ఆట అయిపోగానే అక్కణ్ణుంచే లారీ ఎక్కిస్తారు. ఒక్క నడకలో రెండు పనులన్నమాట.

ఆ ఒక్క ఆవును ఉంచమని ముదీర్‌ను బతిమాలాను. ఆయన కఫీల్‌ను అడిగి వచ్చి, "జులూస్ అచ్ఛా హో గయా తో వో గాయ్ ఇధర్ రహేగీ" అన్నాడు. ఊరేగింపు బాగా జరిగితే ఆవు మజ్రాలోనే ఉంటుంది. అంతకంటే నాకేం కావాలి?

ఊరేగింపు బాగా జరిగింది. అంత బాగా జరగకుండా ఉంటే ఎంత బాగుండేదో! లోయ దారిలో ముందు నేను, నా వెనక ఆవు, దాని వెనక మందంతా. పక్కన గుర్రాల మీద వచ్చిన కుర్రకారు కర్రలు ఊపుతూ అరిచారే గానీ, ఒక్క పశువును కూడా అదిలించే అవసరం రాలేదు. నేను తిరిగి చూసి "దా, దా" అంటే చాలు. పైన డ్రోన్ తిరుగుతుంటే గుర్రం బెదిరింది గానీ ఆవు తలెత్తలేదు. మైదానంలో చప్పట్లు కొట్టారు. గుడ్డ చాటున నవ్వుకున్నాను. ఇక దాన్ని సాయంత్రం నడిపించుకుని ఇంటికి పోవడమే అనుకున్నాను.

డేరాల వెనక లారీ ఆగి ఉంది. వెనక తలుపు దించి పలక వేశారు. ఒక్క పశువూ ఎక్కలేదు. తోశారు, తోకలు మెలిపెట్టారు, కొట్టారు. అన్నీ ఆవు వైపు తిరిగి అరుస్తున్నాయి. ముదీర్ నా దగ్గరికి వచ్చి, "పహలే ఉస్కో చఢావ్, బాద్ మే ఉతార్ లేంగే" అన్నాడు. ముందు దాన్ని ఎక్కించు, తర్వాత దింపుకుందాం. అక్కడున్న అందరికీ అది బాగానే ఉంది. నాకూ బాగానే ఉంది. పొద్దున దాని కోసం కవర్లో పెట్టుకున్న ముద్ద ఇంకా జేబులోనే ఉంది. అది చూపిస్తూ నేను పలక ఎక్కాను. ఆవు నా వెనకే ఎక్కి, లారీలో నిలబడి, నా చేతిలోది తిన్నది.

దాన్ని తలుపు దగ్గరే నిలబెడదామని తాడు పట్టుకున్నాను. కానీ మిగతావి ఒక్కసారిగా ఎక్కాయి. నెట్టుకుంటూ దాన్ని క్యాబిన్ వైపు చివరి మూలకు తోసేశాయి. నేను పక్క కడ్డీలు పట్టుకుని బయటికి దూకాను. అప్పుడు అర్థమైంది. ముందు ఎక్కింది దిగాలంటే అన్నీ దిగాలి. దింపితే, అది లేకుండా మిగతావి మళ్ళీ ఎక్కవు.

"నిక్లేగా నహీ" అన్నాడు లారీ నడిపే పఠాన్, బయటికి రాదని. నిజం చెప్పాడు, కోపమెందుకు? నేను ముదీర్ చెయ్యి పట్టుకున్నాను. ఆయన కఫీల్‌కు ఫోన్ చేసి, కాసేపు విని, నా వైపు చూడకుండా "ఖలాస్, ఛోడ్ దో" అన్నాడు, అయిపోయింది వదిలెయ్యమని. తలుపు ఎత్తి గొళ్ళెం పెట్టారు. క్యాబిన్ పక్క కడ్డీల సందులోంచి ఆవు మూతి బయటికి పెట్టింది. భయంతో కాదు, జేబులో ఇంకో ముద్ద ఉందేమోనని. ఆ పండుగ వేషంలోనే, కందూరా దుమ్ములో ఈడ్చుకుంటూ లారీ వెంట కొంత దూరం పరిగెత్తాను. ఎవరో అది కూడా ఫోన్లో తీశారు.

మర్నాడు మధ్యాహ్నం అన్న కంచం ముందుకు జరిపాడు. చెయ్యి దానంతటదే మొదటి ముద్ద పక్కకు తీసింది. అన్న చూశాడు. ఈసారి నవ్వలేదు.

"తినురా తమ్మీ" అన్నాడు.

దొడ్డి ఖాళీగా ఉంది. ఆ ముద్ద నేనే తిన్నాను.