కోడలు పలకని పేరు

సయ్‌కల్ నోట రాయి అనే మాట వినాలంటే ఇంకో జన్మ ఎత్తాల్సిందే. ఆమె మామగారి పేరు తాష్టాన్. మా భాషలో తాష్ అంటే రాయి. మామగారి పేరే కాదు, ఆ పేరులో వినపడే మాట కూడా కోడలు పలకకూడదని మా ఆచారం. అందుకని రాయిని ‘గట్టిది’ అనేది. నారిన్ ఊరి కాలేజీలో మావి పక్కపక్క గదులు. నేను లెక్కలు చెప్పేదాన్ని, ఆమె ప్రోగ్రాములు రాయడం నేర్పేది. గట్టిది తగిలి కాలు వాచిందని ఆమె అంటే పిల్లలు ముసిముసిగా నవ్వేవారు, నాకు ఒళ్లు మండేది. కంప్యూటర్లతో మాట్లాడే మనిషికి ఈ పాత పట్టింపులేమిటని దెప్పేదాన్ని.

ఆమె పాఠం గోడ దాటి నా గదిలోకి వచ్చేది. వస్తువు వేరు, దాని పేరు వేరు అనేది. పేరు గుర్రం కాదట, గుర్రం మెడకు కట్టిన తాడట. రెండో పేరు రాసి మధ్యన సమానం గుర్తు పెడితే రెండో గుర్రం పుట్టదు, అదే మెడకు ఇంకో తాడు పడుతుంది. ఒక తాడు పట్టుకున్నవాడు జూలు కత్తిరిస్తే, రెండో తాడు పట్టుకున్నవాడికీ కత్తిరించిన జూలే కనిపిస్తుంది. తాళ్లన్నీ విప్పేస్తే గుర్రం ఏమవుతుందని ఒక పిల్ల అడిగింది. కాసేపు అలాగే ఉంటుంది, తర్వాత కంప్యూటరే దాన్ని ఊడ్చేస్తుంది అంది సయ్‌కల్. ఆ పూట ఆమె టీ కూడా ముట్టలేదు.

ఇంట్లో మామగారికి మతి జారిపోతోంది మరి. పెళ్లయ్యాక ఆమెను చదివించింది ఆయనే. కోడలికి చదువేమిటని ఊరు నవ్వినా, గుర్రం మీద కూర్చోబెట్టుకుని బస్సు దగ్గర దించేవాడు. అలాంటి మనిషి ఇప్పుడు ఆమెను చూసి, ఎవరి పిల్లవమ్మా అంటున్నాడు.

ఆ వేసవిలో మా రెండిళ్లవాళ్లం పశువులను మేపుకోవడానికి సోన్‌కుల్ సరస్సు పక్కన గుడారాలు వేశాం. ఒక మధ్యాహ్నం పొగమంచు దిగింది. గడ్డి, గుర్రాలు, నీళ్లు అన్నీ ఒకే తెలుపులో కలిసిపోయాయి. లోకం ఇంకా పుట్టలేదేమో అనిపించింది. చూస్తే ముసలాయన లేడు. సరస్సు అంచున అంతా ఊబి. మగవాళ్లు నాలుగు వైపులా తిరిగి ‘తాష్టాన్ అకే’ అని, పెద్దవాళ్లను పిలిచినట్టు గౌరవంగా పిలిచారు. జవాబు లేదు.

“అలా పిలిస్తే ఆయన పలకడు,” అంది సయ్‌కల్. “ఈమధ్య తన లెక్కలో ఆయన దూడల కోసం వెళ్లిన పిల్లాడు. పిల్లాణ్ని ఎవరైనా అకే అంటారా?”

వట్టి పేరుతో పిలిచే పెద్దలందరూ ఎప్పుడో మట్టిలో కలిశారు. ఆయన కంటే చిన్నవాళ్లకు నోరు రాదు. సయ్‌కల్ భర్త వైపు చూసింది. అతను తల దించుకుని పక్కకు తిరిగాడు. నాకు భయమేసింది. చెయ్యి పట్టుకుని ఆపుదామనుకున్నాను, ఇన్నాళ్లూ దెప్పిన నేనే.

ఆమె నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

“తాష్టాన్! ఒరే తాష్టాన్!”

మంచులో ఎవరూ కదల్లేదు. మూడోసారి పిలిచేటప్పటికి ఆమె గొంతు బొంగురుపోయింది. అప్పుడు నీళ్ల వైపు నుంచి వినపడింది.

“వస్తున్నానే అమ్మా. దూడ నీళ్లు తాగుతోంది.”

మోకాళ్ల దాకా బురదతో వచ్చి కోడలి ముందు నిలబడ్డాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఆమె మొహంలోకి బెదురుగా చూశాడు.

“కొడతావా?”

“కొట్టనులే,” అంది సయ్‌కల్. “పాలు కాచి పెట్టాను. రా నాన్నా.”