ఓటేశాకే వడ్డన

ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ రచ్చ మొదలవుతుంది. కెనడాలో, అంటారియోలో ఒక మోస్తరు ఊరు, ఒక కాలేజీ, ప్రతి టర్ముకీ విమానాలు దిగి ఆ కాలేజీకి వచ్చిపడే మాలాంటి స్టూడెంట్లు. మేం ఐదుగురు ఆడపిల్లలం ఒక ఇంటి కింది బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఎదురింటి అంకుల్ అక్కడి తెలుగు సంఘానికి ప్రెసిడెంటు. పండగొస్తే చాలు, "అమ్మా, వాలంటీర్లు కావాలి" అని ఫోన్. మేం వెళ్ళి కుర్చీలు వేసి, పులిహోర వడ్డించి, అందరూ తిన్నాక మిగిలింది తిని, హాలు ఊడ్చి వచ్చేవాళ్ళం. తెలుగు భోజనం కోసం మొహం వాచిపోయి ఉన్నాం మరి, ఊడవమంటే రోడ్డు కూడా ఊడ్చేవాళ్ళం.

ఒక చలికాలం సిటీ కౌన్సిల్లో బేస్‌మెంట్ల మీద మీటింగ్ పెట్టారు. ఒక్కో ఇంట్లో ఇంతమంది స్టూడెంట్లేమిటని ఊళ్ళో గొడవ. మా అంకుల్ సూటేసుకుని వెళ్ళి, తెలుగువాళ్ళందరి తరఫునా మాట్లాడుతున్నానని మైకు ముందు చెప్పి, ఇలాంటి ఇళ్ళు మూయించాల్సిందే అన్నారు. చెత్తట, గోలట, రోడ్డు నిండా మా కార్లట. మా ఐదుగురికీ కలిపి ఒక సైకిల్ కూడా లేదు! ఆ వీడియో మేం మా పరుపుల మీద కూర్చుని చూశాం. కొన్నాళ్ళకే ఇన్‌స్పెక్టర్లు వచ్చారు, ఓనరు భయపడి ఖాళీ చేయమన్నాడు. మేం మంచులో సూట్‌కేసులు లాక్కుంటూ పోతుంటే, అంకుల్ తన వాకిట్లో మంచు తీసుకుంటూ తల కూడా ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈయన్ని ఊరికే వదిలేస్తే నేను గుంటూరు పిల్లనే కాదని అక్కడే ఒట్టేసుకున్నా.

మాకేముంది, ఎవరో ఒకరి ఇంట్లో సర్దుకున్నాం. కానీ ఊళ్ళో ఇంకా ఎంతమంది పిల్లలు బేస్‌మెంట్లలో ఉన్నారో! వాళ్ళ గతీ ఇంతే కదా. అందుకని సంఘం కమిటీకి వెళ్ళి, మా గురించి మాట్లాడేటప్పుడు మాకూ ఒక మాట ఉండాలని అడిగాం. వాళ్ళు నవ్వి, "యూత్ వింగ్" అని ఒకటి పెట్టారు. సలహాలివ్వొచ్చు, ఓటు మాత్రం ఉండదు.

నేను పొంగిపోయి, క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయికి చెప్పా. తను ఇక్కడి ఆదివాసీల పిల్ల. ఊరికి గంట దూరంలో వాళ్ళకంటూ ఉన్న నేల, రిజర్వ్ అంటారు. వాళ్ళ పరిపాలన వాళ్ళదే, వాళ్ళ కౌన్సిల్ వాళ్ళదే. అందులో కుర్రాళ్ళకి చోటు కావాలని తిరిగే గుంపులో తనూ ఒకతె.

"మాకూ మొదట అదే ఇచ్చారు," అంది. "పెద్దవాళ్ళ పక్కన కుర్చీ వేశారు. బాగా మాట్లాడారని మెచ్చుకుని ఫొటో తీశారు. మా స్కూలు సంగతి మాత్రం మేం బయటికి వెళ్ళాక తేల్చుకున్నారు. ఓటు కోసం మా సొంత పిన్నులతో, మామయ్యలతో పోట్లాడాం. చివరికి కౌన్సిల్లో కుర్రాళ్ళకి ఒక్క ఓటు వచ్చింది. మీ సంఘంలో ఓటెవరికి?"

"మెంబర్లకి."

"నువ్వు మెంబరువి కాదా?"

అప్పుడు గుర్తొచ్చింది. మెంబర్నే! మా సంఘంలో జనరల్ బాడీ మీటింగ్ ఉగాది రోజు భోజనాలకి ముందు జరుగుతుంది. కుటుంబాలేమో సరిగ్గా భోజనాల వేళకి దిగుతాయి. కోరం చాలక, కిందటేడు ఈ అంకులే కంగారుగా వంటల బల్ల దగ్గరికొచ్చి వడ్డించేవాళ్ళందరినీ మెంబర్లని చేసేశారు. ఆ సంగతి ఆయనే మర్చిపోయారు. ఎందుకు గుర్తుంటుంది? ఎన్నికన్నది ఎప్పుడైనా జరిగితే కదా! పేర్లు పెద్దమనుషులు ముందే ఫోన్లలో ఖాయం చేసుకుంటారు. "ఏకగ్రీవమేనా?" అని ఈయన అడిగితే అందరూ చప్పట్లు కొట్టి ప్లేట్ల మీద పడతారు.

ఆ ఉగాదికి, కిందటేడు వడ్డించిన స్టూడెంట్లందరం మళ్ళీ వడ్డనకి వెళ్ళాం. ట్రేల మీద మూతలు తీయలేదు.

"ఏకగ్రీవమేనా?" అన్నారు అంకుల్. చప్పట్లు మొదలయ్యాయి.

"కాదంకుల్," అన్నా గరిటె పట్టుకునే. "మేమూ మెంబర్లమే. కమిటీకి మేమూ నిలబడుతున్నాం. ఓటింగ్ పెట్టండి."

"పండగ పూట ఏమిటమ్మా ఇది! ముందు భోజనాలు కానివ్వండి, తర్వాత చూద్దాం."

భోజనాలయ్యాక ఒక్కరైనా ఉంటారా? మాకు తెలీదనుకున్నారు. "ఓటేశాకే వడ్డన," అన్నా. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇన్నాళ్ళూ కడబంతీ మాదే, వడ్డనా మాదే, ఒక్కడూ మమ్మల్ని మనవాళ్ళనుకోలేదు. హాలంతా గుత్తివంకాయ వాసన. షుగరున్న ఒక తాతగారు, "ఆ ఓటింగేదో పెట్టెయ్యవయ్యా, కళ్ళు తిరుగుతున్నాయి!" అని అరిచారు. ఆయనకి మాత్రం వెంటనే ప్లేటు పెట్టాం, మరీ అంత రాక్షసులం కాదు. మిగతావాళ్ళని కూర్చోబెట్టాం. చివరికి చేతులెత్తించారు. కుటుంబాలు సగం ఇంకా దారిలోనే ఉన్నాయి, మేమేమో నిండుగా ఉన్నాం. కమిటీలో సగానికి పైగా కుర్చీలు మావయ్యాయి.

ప్రెసిడెంటుగా ఆయన్నే ఉంచాం. జాలిపడి కాదు. దింపేస్తే ఇంటికెళ్ళి హాయిగా టీవీ చూసుకుంటారు. నాకు ఆయన ఆ కుర్చీలోనే కావాలి. మొదటి మీటింగులోనే తీర్మానం పెట్టా: ప్రెసిడెంటు గారు మళ్ళీ సిటీ కౌన్సిల్‌కి వెళ్ళాలి, ముందు చెప్పింది మెంబర్ల మాట కాదని ఒప్పుకోవాలి, స్టూడెంట్ల ఇళ్ళు మూయొద్దని అడగాలి. "వేరే ఎవరినైనా పంపుదామమ్మా," అన్నారు. "మీ మాటకున్న విలువ మాకెక్కడిదంకుల్?" అన్నా. తీర్మానం నెగ్గింది.

వెళ్ళారు. నేను ముందు వరసలో కూర్చున్నా, తలెత్తితే నేనే కనపడాలని. ఆయన కాగితం తీసి మా తీర్మానం చదివారు. "మరి అప్పుడు అలా చెప్పారేం? మీ ఏ మాట నమ్మాలి?" అని సిటీ కౌన్సిల్ మెంబరు ఒకావిడ అడిగింది. "అప్పుడు చెప్పింది నా ఒక్కడి మాటండీ," అని ఒప్పుకున్నారు. అబ్బ, నా కడుపు నిండింది! సిగ్గులేకుండా చెబుతున్నా, నిండింది. చదువు మధ్యలో ఎవరినీ ఖాళీ చేయించకూడదని ఆ రోజే తేల్చారు.

బయట నేను బస్ స్టాపులో ఉంటే ఆయన కారు వచ్చి ఆగింది. అద్దం దించి, "ఇప్పుడెక్కడ ఉంటున్నారమ్మా? చలిగా ఉంది, ఎక్కు, దింపేస్తా," అన్నారు. మా ఇల్లు పోయాక ఆయన ఆ మాట అడగడం అదే మొదలు. ఆ మొహం చూస్తే నిజంగానే తెలుసుకోవాలని ఉన్నట్టుంది. మంచి ఇంట్లోనే ఉంటున్నాం, వెచ్చగానే ఉంటున్నాం. అది చెబితే ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయేవారు.

చెప్పలేదు.