రామ్మోహన్ పొలానికి బాయ్‌కాట్

నెల్లికుదురు దగ్గరి పల్లెలో రామ్మోహన్‌ది పెద్ద సేద్యం. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో వరంగల్ కాలేజీ గేటుకు అడ్డం పడుకొని పరీక్షలు బాయ్‌కాట్ చేయించినవాడు. ఆ మాట అసలు ఒక మనిషి ఇంటిపేరని అప్పుడే ఒక లెక్చరర్ చెప్పాడు. ఐర్లండులో ఒక జమీందారు తరఫున పెత్తనం చేసే బాయ్‌కాట్ అనే దొరకు రైతులు పనులు బందుపెట్టి, పలకరింపులు కూడా మానేశారట. ఆ కథను రామ్మోహన్ పెళ్లయిన కొత్తలో భార్య అరుంధతికి నవ్వుతూ చెప్పాడు.

ఎనభై ఒకటిలో, కోతల ముందర, ఊరి పక్క లంబాడా తండాలో ఉండే టీక్యా మేకలు వరిలో పడ్డాయి. రామ్మోహన్ టీక్యాను చెప్పుతో కొట్టి, పొద్దుగూకేదాకా కొట్టంలో గుంజకు కట్టేయించాడు.

తెల్లారి ఒక్క కొడవలీ రాలేదు. జీతగాడు దస్రు పాలు పిండకుండానే వెళ్లిపోయాడు. కిరాణా ముత్తయ్య రామ్మోహన్‌ను చూడనట్టే తరాజు తుడుచుకున్నాడు.

"బాయ్‌కాట్ అంటున్నరట తండల," అంది అరుంధతి, బర్రె తన్నిన కాలు రుద్దుకుంటూ.

"వాళ్లకు గా మాట ఎవడు నేర్పిండు?"

"మీరే. అప్పట్ల మైకు పట్టుకొని తండ తండ తిరగలే?"

రామ్మోహన్ పళ్లు కొరికాడు. తరిగొప్పుల నుంచి లారీలో కూలీలను దింపి, పక్కన పోలీసులను నిలబెట్టాడు. తండా ఆడవాళ్లు వచ్చి గట్టు మీద కూర్చున్నారు. టీక్యా భార్య నీలి మాత్రం మగణ్ని వెంట తెచ్చి, అతని అంగీ లేపి, వాతలు తేలిన వీపు కూలీలకు చూపించింది. కూలీల పెద్ద కాసేపు చూసి, కొడవళ్లు మూటగట్టించాడు.

వడ్లు రాలడం మొదలైంది.

"గా బాయ్‌కాట్ దొర ఏమైండు?" అడిగింది అరుంధతి.

"ఊరిడిచి పోయిండు."

"మరి మనం ఏడికి పోతం?"

రామ్మోహన్ తండాకు నడిచాడు. నేలచూపులు చూస్తూ, "తప్పయింది," అన్నాడు.

"ఎవలికి చెప్తున్నవ్?" అంది నీలి.

"టీక్యాకు."

"అన్నా అని చెప్పు."

అంతా చూస్తున్నారు.

"తప్పయింది, టీక్యన్నా."

టీక్యా తల ఊపాడు, కూర్చోమనలేదు. మర్నాడు అంతా వచ్చి వరి కోశారు. పొద్దంతా ఒక్కరు కూడా దొరా అని పిలవలేదు. ఆ అవమానం రామ్మోహన్‌కు గొంతు దిగలేదు. మళ్లీ వానలు పడ్డాక, తండా వాళ్లను పిలవాల్సి వస్తుందని ఆ పొలాన్ని నాటు వేయకుండా పడావు పెట్టాడు.