అంచున పడ్డ ముఖం

డిజిటల్ కెమెరాలు మా దమ్మపేట వైపు కొత్తగా వస్తున్న రోజుల్లో నేనొక తెలివైన పని చేశాను. జూమ్ లేని నా చిన్న లెన్సు అమ్మేసి, దూరమూ దగ్గరా అన్నీ తీసే జూమ్ లెన్సు కొన్నాను. పెళ్లికి ఇదొక్కటి చాలని నా స్టూడియోకి వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. పాతది చీకట్లో కూడా ముఖాన్ని ఉన్నదున్నట్టు పట్టేది. కొత్తదాంతో ముఖాన్ని దగ్గరికి లాగితే వెలుతురు చాలదు, వెడల్పుగా తీస్తే అంచున ఉన్నవాళ్లు సాగిపోతారు. పెళ్లిళ్లలో అంచున నిలబడేవాళ్లను ఎవరు పట్టించుకుంటారు?

ఒక వానాకాలం మధ్యాహ్నం అడవి పల్లె నుంచి ఒకతను వచ్చాడు. అతని భార్యకు జ్వరం మెదడుకెక్కింది. ఇక లాభం లేదని ఆసుపత్రి నుంచి పంపేశారు.

"ఆమెది ఒక్క ఫోటో గూడ లేదన్నా. బిడ్డ చిన్నది. రేపు దానికి తల్లి మొకం యాదికుండదు," అన్నాడు.

తడికల ఇల్లు, లోపల చీకటి. వెలుతురు పడితే ఆమె నొప్పితో మూలుగుతోంది, అందుకని ఫ్లాష్ వద్దన్నాడు. ముందు ఆమె ముఖం ఒక్కటే దగ్గరికి లాగి తీశాను. అలికేసినట్టు వచ్చింది.

"అందరం పడేటట్టు తీయన్నా," అన్నాడు.

పెళ్లి ఫోటోల అలవాటు కొద్దీ ఆమె అత్తమామలను నడుమ కూర్చోబెట్టాను. మంచం మీది మనిషి ఒక అంచుకు పోయింది. వెడల్పుగా తీస్తే అందరూ పట్టారు, బొమ్మ నిలిచింది. సంతోషించి వచ్చేశాను. సిగ్గు లేకపోతే సరి.

మూడో రోజు ఆమె పోయింది. దండ వేసే ఫోటో కోసం గుంపులోంచి ఆమె ముఖం వేరు చేసి పెద్దది చేశాను. చెంపలు సాగి, తల పక్కకు లాగినట్టుంది. కంప్యూటర్లో సన్నం చేస్తే ఇంకెవరో అయింది, అందుకని సాగినదాన్నే ఫ్రేము కట్టాను.

"గీమె ఎవరన్నా?" అన్నాడతను, ఫ్రేము చూసి. తిట్టినా బాగుండేది. ఇంకొకటి లేదు కాబట్టి దాన్నే తువ్వాలులో చుట్టుకుని పోయాడు.

కొన్నేళ్లకు ఆ పిల్ల హాస్టల్ ఫారానికి ఫోటో దిగడానికి తండ్రితో వచ్చింది. సన్నని ముఖం, అచ్చం తల్లిదే. అద్దంలో జుట్టు సర్దుకుంటూ అంది:

"మా అమ్మది పెద్ద మొకం సార్. నాకు అమ్మ పోలిక రాలే."

తండ్రి తల దించుకున్నాడు. పోలిక అమ్మదేనని చెప్పాలంటే ఇంట్లో ఆ పిల్ల రోజూ దండం పెట్టుకునే ముఖం అమ్మది కాదని కూడా చెప్పాలి. పిల్లను తల కొంచెం పైకెత్తమని చెప్పి ఫోటో తీశాను.